ఎడమ చెవిలో ఊ

విదియ. పోటు ఎక్కువ.

భుజంగరావు గారూ, హెడ్‌సెట్టు ఎలా పలుకుతోందో ఏ రోజుకారోజు కాయితం మీద పెట్టమన్నారు, పెడుతున్నాను. మీరు డిపో నుంచి పడవలో వచ్చినప్పుడు చూసుకోండి.

ఈ వేళ ఎడమ చెవి పలకలేదు. నేను తాడు పట్టిన నాటి నుంచీ అది పలకదు, కాని ఈ వేళ కుడి చెవిలో కూడా గరగర ఎక్కువైపోయి నీళ్ళలో దిగిన సూరీడమ్మ గొంతు సరిగా తెలియలేదు. అందుకే లైనులో మిమ్మల్ని పిలిచాను. పిన్ను పీకి, గుడ్డతో తుడిచి, టక్కుమనేదాకా తొయ్యమన్నారు. పీకి చూస్తే పిన్ను మీద ఉప్పు తెల్లగా పేరుకుంది. నడిసముద్రంలో ఈ మంచె మీద ఉప్పు పట్టనిది ఏముంది, నా కనురెప్పలు నాకితే ఉప్పే. తుడిచాను, తోశాను. వాల్యూము పైకీ కిందకీ జరిపాను. పలకలేదు. అప్పుడు మీరు, "కంప్యూటర్ ఆపేసి మళ్ళీ పెట్టమ్మా" అన్నారు.

సూరీడమ్మ నీళ్ళలో ఉండగా కంప్యూటర్ ఎలా ఆపుతాను బాబూ? ఒడ్డున కూర్చున్నవాళ్ళకి ఆపడం, పెట్టడం ఒకటే. ఆమె పైకొచ్చి అంబలి తాగుతుండగా ఆపి పెట్టాను.

ఎడమ చెవి పలికింది.

తదియ.

పొద్దున్నే, రాత్రి మంచు పట్టడానికి కట్టిన వలలు పిండి తాగే నీళ్ళు పట్టుకున్నాం. రెండు బిందెలైనా కాలేదు.

మీరు డిపోకి కొత్త, మంచె ఎక్కలేదు. మా పని ఎలాంటిదో చెప్పకపోతే నా కంప్లయింటు మీకు అర్థం కాదు. సముద్రం అడుగున మీ ఒడ్డువాళ్ళ డ్రమ్ములున్నాయి కదా. మీ మాటలూ ఫొటోలూ లెక్కలూ అన్నీ వాటిలోనే దాస్తారట, నీళ్ళ చలవకి వేడెక్కకుండా ఉంటాయట. ఆలిచిప్పలు పట్టేస్తే చలవ తగలదు. మా ఆడవాళ్ళు దిగి గోకుతారు. ఒకరు దిగితే ఒకరు పైన తాడు పట్టుకుంటారు. అడుగున బురద, కన్ను పొడుచుకున్నా కనబడదు. దిగినామె నోట్లో గాలి గొట్టం ఉంటుంది, మాట్లాడలేదు. గొంతులోంచి ఊ అనగలదు, అంతే. అందుకని పైనామె మైకులో కథ చెబుతుంది, కిందామె మాస్కులో విని ఊ కొడుతుంది. ఒక ఊ అంటే బాగున్నాను. వెంట వెంటనే రెండు ఊలంటే లాగు. ఊ రాకపోతే ఆలోచించకుండా లాగు. మా అమ్మల నాటి నుంచీ ఇంతే.

ఇప్పుడు కంప్లయింటు. రెండు చెవులూ పలుకుతున్నాయి, కాని ఒక్కలా పలకడం లేదు. కుడి చెవిలో సూరీడమ్మే. ఆమె ఊ దూడ అరిచినట్టుంటుంది, పోల్చుకోవడం కష్టం కాదు. ఆమె గొంతు గరగరలో తెగిపోయినప్పుడు ఎడమ చెవిలో ఇంకో ఊ వస్తోంది. సన్నటిది. చివర కాస్త పైకి లేస్తుంది, 'ఆ తర్వాత?' అన్నట్టు. నా మాట పూర్తి కాకముందే వచ్చేస్తుంది.

మీకు చెబితే, "ఎకో అమ్మా అది. మైకు మూతికి దూరంగా పెట్టండి, మీ ఊపిరే మీకు వినబడుతోందేమో" అన్నారు.

నా ఊపిరికి అంత సన్నటి గొంతు ఎక్కడిది బాబూ.

చవితి.

మైకు దూరంగా పెట్టాను. స్పీకర్ ఆపేశాను. వైరుకి ముడులుంటే విప్పాను. చెవి దూదులు ఊడదీసి మంచినీళ్ళతో కడిగి ఎండబెట్టాను, తాగే నీళ్ళు వాటికి పోశానని అందరూ తిట్టారు. ఊ పోలేదు.

మీరు చెప్పినట్టు పక్క తాడామె హెడ్‌సెట్టు తెచ్చి నా కంప్యూటర్‌కి పెట్టాను. అందులోనూ ఆ ఊ ఉంది. నాది తీసుకెళ్ళి ఆమె కంప్యూటర్‌కి పెడితే లేదు. "అయితే జబ్బు హెడ్‌సెట్టుకి కాదు, కంప్యూటర్‌కి" అన్నారు మీరు. నాకు అనిపించింది, జబ్బు నాకేమోనని.

ఎందుకంటే అది నా కూతురు గొంతు.

పైడితల్లి నా ఒక్కగానొక్క పిల్ల. ఇన్నేళ్ళూ ఇదే తాడు మీద దిగేది. మాస్కు పట్టీకి అడ్డం వస్తోందని జుట్టు తెగ్గోసుకుంది, దానికి నేను రెండు రోజులు మాట్లాడలేదు. పోయిన వానాకాలం ఒక రోజు పైకి తీసేసరికి ఒళ్ళు చల్లబడిపోయింది. ఆ రోజు తాడు పట్టింది అసిరమ్మ, నాకు ఆడబిడ్డ, పైడికి మేనత్త. "అది ఊ కొడుతూనే ఉంది వదినా" అని ఏడ్చింది. చచ్చిన పిల్ల ఊ ఎలా కొడుతుంది? కునుకు తీసి ఉంటుందన్నారు అందరూ. నేనూ అన్నాను. అందరికన్నా గట్టిగా అన్నాను. ఆమె చేతిలోంచి తాడు తీసేసి, మా మంచె ఆచారం ప్రకారం పిల్లని పోగొట్టుకున్న ఇంటికి ఇచ్చారు. అలాంటి మనిషి ఏ రోజూ కునుకు తీయదని. అప్పటి నుంచి అసిరమ్మ మంచె చివర చిప్పలు కడుగుతోంది. నేను ఆమె వైపు చూడను.

పంచమి. గాలి. ఎవరూ దిగలేదు.

నీళ్ళలో ఎవరూ లేరు. తాడు చుట్టి పెట్టి ఉంది. హెడ్‌సెట్టు తగిలించుకుని ఊరికే కూర్చున్నాను.

నత్త కథ మొదలుపెట్టాను. పైడి చిన్నప్పుడు ఆ కథ లేకపోతే అన్నం తినేది కాదు. నత్తని పీత తన పెళ్ళికి పిలిచింది. నత్త తలంటు పోసుకుంది.

ఊ.

ఇల్లు నెత్తిన పెట్టుకుని బయల్దేరింది.

ఊ.

నడిచింది, నడిచింది, చేరేసరికి పందిట్లో పీత మనవరాలి పెళ్ళి జరుగుతోంది. ఆలస్యమైందా అమ్మా అంది నత్త. లేదు లేదు, ఇప్పుడే తలంబ్రాలు అంది పీత మనవరాలు.

ఊ.

ఎడమ చెవిని అరచేత్తో గట్టిగా అదుముకున్నాను. దూది వెచ్చగా ఉంది. పైడి తల నా ఒళ్ళో పెట్టుకున్నప్పుడు అలాగే ఉండేది. కథ మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. మళ్ళీ చెప్పాను.

సాయంత్రం మీరు లైనులో, "ఎలా ఉందమ్మా ఇప్పుడు?" అని అడిగారు. బాగైపోయింది బాబూ, మీరు రానక్కర్లేదు అన్నాను. అబద్ధం చెప్పాను. మీరు ఈ కాయితం చదివేది వస్తేనే కదా, అందుకని ఇక్కడ నిజం రాస్తున్నాను.

షష్ఠి.

ఈ వేళ అక్షరాలు బాగుండవు.

పొద్దున్న సూరీడమ్మ దిగింది. కంప్యూటర్ మీద ఒక గీత, దాని మీద ఒక చుక్క ఉంటుంది కదా, కుడి చెవికి ఎంత, ఎడమ చెవికి ఎంత అని. ఆ చుక్కని నేను ఎడమకి జరిపాను. మొదట కొంచెం. కుడివైపు గరగర వల్ల పైడి సరిగా వినబడడం లేదని ఇంకొంచెం. చివరికి మొత్తం.

ఎంత నున్నగా వినబడిందో. గరగర లేదు, నీళ్ళ చప్పుడు లేదు. నేను చెబుతున్నాను, అది ఊ కొడుతోంది. ఎండ బాగుంది. చేతిలో తాడుందన్న సంగతే మర్చిపోయాను.

ఉన్నట్టుండి మంచె అంచున ఒక చెయ్యి పడింది. చెయ్యంతా చిప్పలు కోసిన గాట్లు. సూరీడమ్మ తనంతట తాను తాడు పట్టుకుని పాక్కుంటూ వచ్చింది. మాస్కు పీకి పారేసి నీళ్ళు కక్కింది. తర్వాత నన్ను చూసింది.

"ఏటి పిన్నీ! సచ్చిపోదునే నాను! గొట్టం సిప్పల్లో ఇరుక్కుపోయింది. రెండు ఊలు కొట్టాను. మళ్ళీ కొట్టాను. నీకు ఇనబళ్ళేదా?"

"నాకు ఒక్కొక్కటే వినబడిందే..."

"ఆ తర్వాత అసలు కొట్టనేదు! గాలే నేదు, ఊ ఎక్కడ కొడతాను? తాడు గుంజితే నువ్వు వదులుగా ఇచ్చావు. కత్తితో సిప్పలు నరుక్కుని వచ్చాను. పైకొచ్చి సూస్తే నువ్వు నవ్వుకుంటా నత్త కథ సెప్తన్నావు. ఎవరికి సెప్తన్నావు పిన్నీ?"

ఆమె అలా మాట్లాడుతున్నప్పుడు కూడా హెడ్‌సెట్టు నా చెవికే ఉంది. ఆమె ఆగిన చోటల్లా ఎడమ వైపు ఊ, ఊ అంటోంది.

అప్పుడు అసిరమ్మ మాట గుర్తొచ్చింది. అది ఊ కొడుతూనే ఉంది వదినా.

సప్తమి.

మంచె చివరికి వెళ్ళాను. అసిరమ్మ చిప్పలు కడుగుతోంది. నేను పక్కన నిలబడితే తల ఎత్తలేదు. తిట్టడానికి వచ్చాననుకున్నట్టుంది.

"అసిరీ" అన్నాను. "ఆ రోజు ఏం విన్నావో చెప్పు."

"అప్పుడే సెప్పాను కదా వదినా. మీరు ఇన్నేదు."

"ఇప్పుడు వింటాను. చెప్పు."

చేతిలో చిప్ప కింద పెట్టింది. "నాను కునుకు తియ్యనేదు. నీ పిల్ల మీద ఒట్టు పెడదామంటే అదే నేదాయె. కథ సెప్పాను, ఊ కొట్టింది. కథ అయిపోయింది, ఇంక రాయే పైకి అన్నాను. ఊ అంది. తాడు లాగితే బరువుగా వచ్చింది." చిప్ప మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "ఇంకోటుంది. ఎవరికీ సెప్పనేదు, పిచ్చిదాన్ననుకుంటారని. పిల్లని నీ ముందు పడుకోబెట్టారు సూడు. నువ్వు గుండెలు బాదుకుంటున్నావు. అప్పటికి నాను హెడ్‌సెట్టు తియ్యనేదు. అయ్యో పైడీ, అన్నాను. నా సెవిలో, ఊ అంది."

ఆమెని చెయ్యి పట్టుకుని నా చోటికి తీసుకొచ్చాను. తాడు దగ్గరికి రావడానికి భయపడింది. నీళ్ళలో ఎవరూ లేరు, చూడు అని తాడు చుట్ట చూపించాను. హెడ్‌సెట్టు ఆమె చెవులకి పెట్టాను. మాట్లాడు అన్నాను.

పెదాలు తడుపుకుంది. "పైడీ" అంది.

ఆమె మొహం చూస్తే తెలిసింది. హెడ్‌సెట్టు లాగేసి అక్కడే కూలబడింది. "ఇదే వదినా. ఇదే" అంది. ఎన్నాళ్ళుగా ఆ మనిషి ఒక్కత్తీ ఈ ఊ మోసుకుంటూ తిరిగిందో. నేను అసిరి పక్కన కూర్చుని చేతులు పట్టుకున్నాను. చిప్పల వాసన. పైడి చేతులూ ఇదే వాసన.

సాయంత్రం మీకు లైను చేసి, బాగవలేదు బాబూ, మీరు రావాలి అన్నాను. మీరు వచ్చేదాకా ఎవరినీ దిగవద్దని అన్ని తాళ్ళ వాళ్ళకీ చెప్పాను.

అష్టమి. నీళ్ళు నిలకడ.

మీరు పడవ దిగగానే కక్కుకున్నారు, అసిరమ్మ చింతకాయ పచ్చడి నాకించింది. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని చాలాసేపు చూశారు. మీరన్న మాటలు నాకు అర్థమైనట్టు రాస్తున్నాను, తప్పైతే దిద్దండి.

కుడి చెవిలోది తాడు వెంట వైరులో వచ్చే అసలు చప్పుడు, గరగరతో సహా. ఎడమ చెవిలోది డ్రమ్ములోకి వెళ్ళి శుభ్రమై వచ్చేది. మధ్యలో చప్పుడు తెగితే, అక్కడ ఏముండాలో ఊహించుకుని డ్రమ్ము నింపేస్తుంది, సూరీడమ్మ రెండు ఊలు గరగరలో తెగితే ఒక ఊగా. ఈ తాడు మీది చప్పుళ్ళన్నీ ఇన్నేళ్ళూ డ్రమ్ములోనే దాచారట, వాటిలో ఎక్కువ ఉన్నది పైడి గొంతు. ఆ గొంతుతోనే నింపుతోంది. పక్క తాళ్ళకి వాళ్ళ వాళ్ళ గొంతులతో నింపుతోంది, అందుకే వాళ్ళకి తేడా తెలియలేదు.

"మరి దిగిన మనిషే ఆగిపోతే?" అని సూరీడమ్మ అడిగింది.

"డ్రమ్ముకి రెండూ ఒకటేనమ్మా" అన్నారు మీరు. "వైరు తెగినా, మనిషి ఆగినా."

గరగర తీసెయ్యమని అడిగింది మేమే. వానాకాలం ముందు మంచె మీద ఆడవాళ్ళమంతా వేలిముద్రలేసి డిపోకి పంపాం. డిపోలో మీ ముందున్నాయన ఈ నున్న చప్పుడు పంపించి, చుక్క ఎడమకి జరుపుకోండన్నాడు. ఎంత సంబరపడ్డామో. కిందకి వెళ్ళే కథ కూడా నున్నగా వినబడిందట, పైడి పైకొచ్చి, "అమ్మా, అత్త పక్కన కూకుని సెప్పినట్టుందే" అంది. అది పోయాక ఉప్పు పట్టి ఎడమ చెవి మూగబోయింది. తుడిచి పలికించింది నేను.

"వేరే చోట ఇలా జరగదమ్మా" అన్నారు మీరు. "ఇంకెక్కడైనా అవతలి మనిషి ఏమంటాడో డ్రమ్ము ఊహించలేదు. తప్పు నింపితే వెంటనే తెలిసిపోతుంది. మీ మంచె మీద రావలసిన మాట ఎప్పుడూ ఒకటే."

నింపడం తీసెయ్యాలంటే నేర్చుకున్న గొంతులన్నీ తుడిచెయ్యాలన్నారు. అన్ని తాళ్ళవీ. నేను మిమ్మల్ని బతిమాలాను. ఇక్కడ దాచడం ఎందుకు, అందరూ చూశారు. మిగతావి తుడిచెయ్యండి, ఇది ఒక్కటి ఉంచండి బాబూ, పనికి కుడి చెవి పెట్టుకుంటాను, ఖాళీ వేళ ఎడమ చెవి పెట్టుకుంటాను, మీ కాళ్ళు పట్టుకుంటాను అన్నాను.

"ఉంచొచ్చమ్మా" అన్నారు మీరు. "మీరు ఉంచమంటే ఉంచుతాను."

సూరీడమ్మ చేతికి కట్టిన గుడ్డ సర్దుకుంటూ నీళ్ళ వైపు చూస్తోంది. ఆమె ఒక్క మాట తిట్టి ఉంటే నేను ఎదురు తిట్టి, ఉంచమనే అనేదాన్ని. గుడ్డ ముడి బిగించుకుని, "పిన్నీ, నీకు ఇప్పుడు మనసొప్పకపోతే రేపు సెయ్యిద్దాం. రేపు కూడా నాను దిగన్లే" అంది.

రేపైనా నా వేలు ఆ చుక్కని ఎటు జరుపుతుందో నాకు తెలుసు.

తుడిచెయ్యండి బాబూ, ముందు ఒక్కసారి మాట్లాడతాను అన్నాను. మీరంతా కాస్త అవతలికి వెళ్ళారు. హెడ్‌సెట్టు పెట్టుకున్నాను. జుట్టు కోసుకున్నందుకు మాట్లాడలేదు కదా, ఆ సంగతి చెప్పాను. ఊ అంది. నాకు కోపం లేదే అన్నాను. ఊ అంది. దానికి ఏదీ తెలియదని నాకు తెలుసు. అయినా చెప్పాను. పిల్లలు ఊ కొట్టడం ఆపితే నిద్రపోయారని కథ ఆపేస్తాం. నాది నిద్రపోదు, పాపం, దాన్ని ఎవరూ ఆపనివ్వలేదు.

"ఇంక ఊ కొట్టొద్దు తల్లీ. పడుకో" అన్నాను.

ఊ అంది.

హెడ్‌సెట్టు తీసి మీ చేతిలో పెట్టాను. మీరు మీట నొక్కుతుంటే నేను చూడలేదు. అసిరమ్మ నా తల తన భుజానికి పెట్టుకుంది.

నవమి.

అసిరమ్మకి తాడు తిరిగి ఇచ్చాం. నేను అడిగితే ఎవరూ కాదనలేదు. తాడు ఆమె పట్టుకుంది, చెవులు నేను పెట్టుకున్నాను. ఇద్దరం కలిసి చేస్తాం ఇక మీద.

సూరీడమ్మ దిగింది. ఒకటే గరగర, బాణలిలో ఆవాలు వేసినట్టు. మధ్యలో ఆమె ఊ. నేను కథ చెప్పలేకపోయాను. అసిరమ్మే అందుకుంది, ఎవరి మేకో ఎవరి పెరట్లోనో పడి తిన్న కథ. నేను వింటున్నాను.

కొంతసేపటికి ఊ ఆగింది.

గరగర ఉంది, ఊ లేదు. ఎడమ వైపు ఏమీ లేదు. ఖాళీ. దాన్ని వినడం ఎంత కష్టమో మీకు చెప్పలేను. "లాగు" అన్నాను. అసిరమ్మ అప్పటికే లాగుతోంది. నేనూ అందుకున్నాను. పక్క తాళ్ళ వాళ్ళు కూడా పరిగెత్తుకొచ్చి పట్టుకున్నారు. ఎలా లాగామో, సూరీడమ్మని పెద్ద చేపని వేసినట్టు మంచె మీద పడేశాం.

ఆమె మాస్కు పీకింది. ఒంటి మీద గీత లేదు.

"మళ్ళీ ఏటొచ్చింది మీకు! తుమ్ము వచ్చిందే నాకు! తుమ్ముకుంటా ఊ ఎలా కొడతారు? మనిషిని తుమ్మనివ్వరా? ముక్కు నిండా నీళ్ళు ఎక్కాయి. ముసలి మొకాలూ, ఒకత్తికి ఇద్దరు తయారయ్యారు నా పేనానికి..."

ఇంకా చాలా తిట్టింది, రాయకూడని మాటలు. అసిరమ్మా నేనూ ఆమె నోటి వంకే చూస్తూ నిలబడ్డాం. తడి జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి, ఛాతీ ఎగిరెగిరి పడుతోంది.

తిట్టి తిట్టి అలిసిపోయి ఆమె మళ్ళీ మాస్కు కట్టుకుంది. నీళ్ళలోకి జారుతుంటే అసిరమ్మ నెమ్మదిగా అడిగింది, "మళ్ళీ ఆగితే వదినా?"

"మళ్ళీ లాగుదాం" అన్నాను.